‘డార్క్’ రెండో సీజన్‌ను దారం తెగకుండా చూడటం ఎలా?

నెట్‌ఫ్లిక్స్‌లోని జర్మన్ మిస్టరీ సీరియల్ ‘డార్క్’ మొదటి సీజన్‌లోని పది భాగాలనూ ఎలాగోలా దాటినవారు సైతం, రెండో సీజన్‌లో రెండు మూడు భాగాలు గడిచేసరికి చేతులెత్తేస్తుంటారు. తెలివి చాలక కాదు, లెక్క రాసుకోక. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో ఒక తెల్లకాగితాల లాంగ్ నోటుబుక్ కొనుక్కుని కూర్చుంటే ఈ ఎనిమిది భాగాలూ హాయిగా సాగుతాయి. మొదటి సీజన్ చూడనివారు మాత్రం ఇక్కడితో ఆగడం మంచిది, ఎందుకంటే దాని గుట్టు చెప్పకుండా రెండోదాని గురించి మాట్లాడటం కుదరదు.

ముందుగా రెండు పేజీలను కలిపి ఐదు నిలువు గళ్లు గీసి, వాటి తలమీద 1921, 1954, 1987, 2020, 2053 అని రాయాలి. మొదటి సీజన్‌లో చూసినవి 1953, 1986, 2019 కదా, ఇవెక్కడివన్న అనుమానం వెంటనే వస్తుంది. మొదటి కథ 2019 నవంబరులో జరిగింది, రెండోది 2020 జూన్‌లో మొదలవుతుంది. పాత్రలు అటూ ఇటూ దాటే కాలాల మధ్య 33 ఏళ్ల ఎడం ఎప్పుడూ మారదు కాబట్టి, ఇక్కడ ఏడు నెలలు గడిస్తే వెనకటి కాలాల్లోనూ ఏడు నెలలే గడుస్తాయి. అంటే 1953లో చిక్కుకుపోయిన ఉల్రిక్, 1986లో మిగిలిపోయిన మిక్కెల్ మనం వదిలేసిన చోటే నిలబడి లేరు. వారికీ ఆ ఏడు నెలలు గడిచాయి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం తికమక తీరినట్టే. ప్రతి సన్నివేశాన్నీ దాని గడిలో ఒక్క వాక్యంలో రాయాలి. కంటితో చూసింది మాత్రమే సిరాతో రాసి, సొంత ఊహలను పెన్సిలుతో రాసుకుంటే తరువాత చెరిపేయడం తేలిక.

మరో పేజీలో కాన్‌వాల్ట్, నీల్సన్, డాప్లర్, టీడెమాన్ కుటుంబాలను, సంబంధాలు చూసే పెద్దలు రాసుకున్నట్టు, ఇంటిపేరు పైన, తరాలు కింద వచ్చేలా వేసుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2019 నవంబరు 4 రాత్రి తప్పిపోయిన పదకొండేళ్ల మిక్కెల్ నీల్సన్, 1986లో తేలి, మైకేల్ కాన్‌వాల్ట్‌గా పెరిగి, యోనాస్‌కు తండ్రి అయి, 2019 జూన్ 21న ఉరివేసుకున్నాడు. కనుక అతని పేరు రెండు ఇళ్లలోనూ రాసి, మధ్యన గీత గీయాలి. ఆ గీత వేసిన మరుక్షణం, యోనాస్ ప్రేమించిన మార్తా అతనికి సొంత మేనత్త అవుతుందన్న సంగతి కాగితం మీద కళ్లకు కడుతుంది. ఒకే పాత్రను వేర్వేరు వయసుల్లో వేర్వేరు నటులు పోషించారు కాబట్టి, ముఖాలకన్నా మచ్చలను నమ్ముకోవడం మేలు: చిన్నప్పటి దెబ్బకు చెదిరిన చెవి హెల్గె డాప్లర్‌ను నడివయసులోనూ ముసలితనంలోనూ పట్టిస్తుంది.

మాటలు జర్మన్‌లోనే విని, సబ్‌టైటిల్స్ చదువుకోవాలి. డబ్బింగ్ పెట్టుకుంటే చెవి ఒకవైపు, చెయ్యి ఫోన్‌వైపు వెళ్తాయి. సబ్‌టైటిల్స్ ఉన్నప్పుడు తెరమీద నుంచి చూపు తిప్పడానికి వీలుండదు. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వచ్చిపోయేవారికి గంట నిడివి భాగం ప్రయాణానికి సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది గానీ, మంగళగిరిలో ఎక్కే జనం మధ్య ఈ సీరియల్ చూడటం వృథా. రైల్లో నోటుబుక్ తిరగేసుకుని, చూడటం ఇంటికి వచ్చాకే పెట్టుకోవాలి.

కథ 2020 జూన్ 27 దిశగా రోజులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది కనుక ప్రతి భాగం పక్కనా తేదీ వేసుకోవాలి. (మూడో సీజన్‌ను నెట్‌ఫ్లిక్స్ సరిగ్గా ఆ తేదీనే విడుదల చేయడం ముచ్చటైన సంగతి.) ఆరో భాగం మాత్రం ఈ వరుసను వదిలి 2019 జూన్‌కు, మైకేల్ మరణానికి ముందు గంటలకు వెళ్తుంది. నా దృష్టిలో సీజన్ మొత్తానికీ గుండెకాయ అదే. దానికి ముందు మొదటి సీజన్ తొలి భాగం ఆరంభంలోని ఉరి సన్నివేశాన్ని మళ్లీ ఒకసారి చూసి రావాలి. ఆ గదిలో ఏముందో, ఉత్తరం ఎక్కడుందో గుర్తుంటేనే ఆరో భాగంలోని మాటల బరువు తెలుస్తుంది.

ఎనిమిదో భాగం పెట్టేముందు, తరువాతి భాగం దానంతటదే మొదలయ్యే సెట్టింగ్‌ను ఆపేయాలి. లేకపోతే చివరి నిమిషంలో విన్న మాటను ఏ గడిలో రాయాలో తేల్చుకునేలోపే మూడో సీజన్ మొదలైపోతుంది.