అక్టోబరు గాలికి ముందే ఇంటి కప్పు లెక్క చూసుకోండి

మా ఇల్లు వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మొదట మా వసారా రేకులు లేచాయి. వసారా, ఇల్లు కలిపి ఒకే వాలుగా వేయించుకున్నాం కాబట్టి వసారా వెంటే నడింటి రేకులూ పోయాయి. తెల్లారాక చూస్తే రేకులన్నీ కొబ్బరి తోటలో ముక్కలై పడి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచాల్సిన ఇనప కొక్కేలు మాత్రం వాసాలకే వేలాడుతున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. వంకీ దాదాపు నిటారుగా సాగిపోయింది. తుప్పు తినేసి మెడ దగ్గర అగ్గిపుల్లంత సన్నబడింది. దాన్ని చూసి మా మేస్త్రి అన్నమాట నాకిప్పటికీ గుర్తుంది: "రేకు ఏటి సేసింది బాబూ, కొక్కెం వొదిలేసినాది."

ఆ తర్వాత మూడు వారాలు టార్పాలిన్ కిందే ఉన్నాం. రేకులు దొరకలేదు, దొరికినచోట రేటు మండిపోయింది, మేస్త్రీలు ఒక్కొక్కరు పది ఇళ్లకి మాటిచ్చి ఉన్నారు. తొందరలో ఏది దొరికితే అది వేయించాం. రెండేళ్లకే కారింది. మళ్లీ విప్పించి వేయించుకున్నాం. అంటే ఒకే కప్పుకి రెండుసార్లు డబ్బు పెట్టాం. మీకా తిప్పలు రాకూడదని ఇది రాస్తున్నాను.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తుఫాన్ల తేదీలు చూడండి. పైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, గులాబ్ 2021 సెప్టెంబరు 26. అందుకే కప్పు మార్చే పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి నెలాఖరుకి ముగించుకుంటే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలులు వస్తాయి. జూన్‌లో వానలు. ఆగస్టులో రేకు విప్పి కూర్చుంటే రోజూ మబ్బు వైపు చూస్తూ టెన్షన్ పడాలి.

గాలి ఎంత బలంగా లాగుతుంది?

ఖర్చు లెక్కకి ముందు ఇది తెలియాలి. లేకపోతే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ తగ్గించుకోవచ్చో తేలదు. గంటకి 150 కిలోమీటర్ల గాలి ఒక చదరపు అడుగు మీద చూపే ఒత్తిడి దాదాపు 10 కిలోలు. వాలు కప్పుల మీద చాలాచోట్ల ఇది పైకి లాగే బలంగా పనిచేస్తుంది. చూరు దగ్గర, మూలల్లో, కొప్పు దగ్గర ఇంకా ఎక్కువ. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. ఇప్పుడు బరువులు చూడండి. కలర్ రేకు చదరపు అడుగు అరకిలో కూడా తూగదు. ఆరు మిల్లీమీటర్ల సిమెంటు రేకు కిలోంబావు, కిలోన్నర మధ్య ఉంటుంది. మంగుళూరు పెంకుల కప్పైతే నాలుగు కిలోలకి అటూ ఇటూ. "మాది బరువైన కప్పు, ఏమీ కాదు" అనే ధైర్యం పెద్ద తుఫానుకి చాలదు. కప్పుని ఆపేవి బిగింపులే. రేకుల కింద అడ్డంగా వేసే ఇనప ట్యూబుని పర్లిన్ అంటారు. రేకు పర్లిన్‌కి, పర్లిన్ దూలానికి, దూలం గోడకి బిగించి ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి వదులైనా గాలి అక్కడే పట్టుకుంటుంది.

ఎంత కప్పు కావాలి?

చాలామంది నేల కొలతతో డబ్బు సిద్ధం చేసుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఇంటి బయటి కొలత 21 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు అనుకుందాం. నేల 546 చదరపు అడుగులు. చుట్టూ అడుగున్నర చూరు వదిలితే అది 24, 29 అవుతుంది. చూరు అంతకంటే ఎక్కువ పెంచకండి. ఎండకీ వానకీ హాయిగా ఉంటుందని మూడడుగులు వదిలితే గాలి కింద నుంచి చెయ్యి పెట్టి ఎత్తినట్టు ఎత్తేస్తుంది. చూరు మట్టం నుంచి కొప్పు ఐదడుగుల ఎత్తులో ఉంటే, సగం వెడల్పు 12 కాబట్టి వాలు పొడవు సరిగ్గా 13 అడుగులు వస్తుంది. ఒక్కో వాలు 13 ఇంటూ 29, అంటే 377. రెండూ కలిపి 754 చదరపు అడుగులు. నేల కంటే 208 చదరపు అడుగులు ఎక్కువ. వాలు తగ్గిస్తే రేకు కొంచెం మిగులుతుంది కానీ, మరీ బల్లపరుపు వాలు గాలికి మంచిది కాదు. 22 నుంచి 30 డిగ్రీల మధ్య వాలు మన తీరానికి బాగా నప్పుతుంది. పై లెక్కలో వచ్చేది దాదాపు 22న్నర డిగ్రీలు.

కలర్ రేకు వెడల్పు మూడున్నర అడుగులున్నా, పక్క రేకు మీద ఎక్కించాక కప్పేది మూడుంబావు అడుగులే అనుకోండి. 29 అడుగులకి వాలుకి తొమ్మిది రేకులు, మొత్తం 18. ఒక్కోటి 13 అడుగులు, అంటే 234 అడుగుల రేకు. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. దుకాణంలో "అడుగు ఇంత" అంటే రేకు పొడవులో అడుగు. మేస్త్రి "అడుగు ఇంత" అంటే చదరపు అడుగు. లెక్క సులువుగా ఉండటానికి అడుగు వంద రూపాయలు అనుకుంటే, మొదటి లెక్కలో రేకులకి 23,400 అవుతుంది. అదే వంద చదరపు అడుగు రేటైతే, దుకాణంలో రేకు పూర్తి వెడల్పుకి లెక్కేస్తారు కాబట్టి 819 చదరపు అడుగులకి 81,900. రెండు మాటలకీ మధ్య అంత తేడా ఉంది. ఏ అడుగో కాగితం మీద రాయించుకోండి. ఇనుముకి జీఎస్టీ 18 శాతం. చెప్పిన రేటులో అది కలిసి ఉందో లేదో అడగండి. లక్ష బిల్లుకి 18 వేలు చివర్లో వచ్చి పడితే ఎవరికైనా గుండె గుభేలంటుంది.

దుకాణంలో చూడాల్సినవి

రేకు మందం 0.50 మిల్లీమీటర్లు అంటారు. అది పెయింటుతో కలిపి చెప్పిందా, ఇనుము ఒక్కదానిదేనా? అడగండి. మైక్రోమీటరు పెట్టి కొలిచి చూపించమనండి. తీరానికి దగ్గరగా ఉన్న సోంపేట, కవిటి, మందస, భోగాపురం, పూసపాటిరేగ లాంటి చోట్ల ఉప్పుగాలి వల్ల మందం కంటే పూతే ముఖ్యం. జింకు లేదా అల్యూమినియం-జింకు పూత ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) ఉందో కనుక్కోండి. సగం పూతతో చవగ్గా వచ్చే రేకు కోత అంచుల దగ్గర, స్క్రూ చిల్లుల దగ్గర త్వరగా తుప్పు పడుతుంది.

అసలు మోసం జరిగేది రేకు కింది ట్యూబుల్లో. పై ఇంటికే మూడడుగులకి మించని ఎడంతో పర్లిన్లు వేస్తే వాలుకి ఆరు వరసలు, మొత్తం 12, అంటే 348 అడుగుల ట్యూబు. 50 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు రెండు మిల్లీమీటర్ల మందంతో తీసుకుంటే అది దాదాపు 315 కిలోలు తూగుతుంది. అదే ట్యూబు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంతో 240 కిలోలే. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒక కాంట్రాక్టరు రేటు మరొకరి కంటే తక్కువగా కనిపిస్తే ముందు ఈ డెబ్బై ఐదు కిలోల గురించే అడగండి. ట్యూబులు కాటా వేయించి తీసుకోండి. మేస్త్రి ఎంత నమ్మకస్తుడైనా కాటా చీటీ మీ దగ్గరే ఉండాలి.

స్క్రూలు చిన్న వస్తువే కానీ వాటి దగ్గర పొదుపు చెయ్యొద్దు. రబ్బరు వాషరున్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు తీసుకోండి. చూరు వరసలో, కొప్పు వరసలో, గోడ పక్క అంచుల్లో రేకు ప్రతి మడతకీ ఒకటి పడాలి. మధ్య వరసల్లో మడత విడిచి మడత చాలు. మొత్తం ఖర్చులో ఇది కాస్తంతే. సిమెంటు రేకులకైతే వంకీ కొక్కేలు వద్దు. వాసాన్ని చుట్టి రెండు వైపులా నట్లతో బిగించే యు బోల్టులు వేయించండి. వసారా కప్పు ఇంటి కప్పు నుంచి విడిగా ఉండేలా చేయించండి. పోతే వసారా ఒక్కటే పోతుంది.

విప్పితేనే తెలిసే ఖర్చు

పాత కప్పు విప్పేదాకా కలప సంగతి తెలియదు. ఉద్దానం వైపు పాత ఇళ్లలో చేవ ఉన్న తాటి దూలాలు, వాసాలు ఇంకా గట్టిగానే ఉంటాయి. వాటిని పారేయకండి. కానీ గోడలో దిగిన కొసలు చూడండి. చెద పట్టేది, వాన నీరు ఇంకేది అక్కడే. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూస్తే పుచ్చిన కలప పిండిలా రాలుతుంది. ఈ పరీక్ష ఇప్పుడే, ఒక మూల నాలుగు పెంకులు తీయించి చేసుకోండి. అప్పుడు దూలాల ఖర్చు ముందే తెలుస్తుంది. గోడ తలమీద సిమెంటు బెల్టు లేకపోతే దానికీ డబ్బు పక్కన పెట్టుకోండి. బెల్టులో బోల్టులు నిలబెట్టి ఫ్రేమును వాటికి బిగిస్తేనే కప్పు గోడను పట్టుకుంటుంది. బెల్టు లేకుండా ఎంత మంచి రేకు వేసినా ఫ్రేముతో సహా లేచిపోతుంది. హుద్‌హుద్‌లో మా బంధువుల షెడ్డు అలాగే వెళ్లి పక్కవాళ్ల పశువుల పాకమీద పడింది.

లెక్కలో చాలామంది మరిచిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి. పాతవి దించే కూలి, ట్రాలీ బాడుగ, కొప్పు రేకు, గోడకీ రేకుకీ మధ్య అతుకు, ట్యూబులకి తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడ్. దించిన పెంకులు, కలప, ఇనుము ఎవరివో ముందే మాట్లాడుకోండి. "పాత సామాను మేమే తీసుకుంటాం" అంటే దానికి రేటు కట్టి కూలిలో తగ్గించమనండి. వీటన్నిటి మీద పదో వంతు అదనంగా దాచుకోండి.

పని జరిగే రోజుల్లో

పాత సిమెంటు రేకుల్లో చాలావరకు ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, క్యాన్సర్ తెస్తుంది. గ్రైండరుతో పొడిగా కొయ్యనివ్వొద్దు. రేకుల్ని నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలగొట్టకుండా ఒక్కొక్కటిగా దించాలి. పిల్లల్ని ఆ రోజు వేరే ఇంటికి పంపండి. ముక్కల్ని గోతిలో పోసి దారి చదును చేయడానికి వాడుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. నడిచేకొద్దీ అది మళ్లీ దుమ్మవుతుంది.

సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెడితే విరిగి మనిషి కిందికి వచ్చేస్తాడు. పర్లిన్ల మీద ఆనేలా పొడుగు పలక వేసి దానిమీదే నడవాలి. పనికి ముందు లైన్‌మన్‌కి చెప్పి సర్వీసు వైరు కరెంటు తీయించండి. తడి చేతులు, పొడుగు రేకులు, పైన వైరు కలిస్తే ఎంత అనుభవమున్న మేస్త్రికైనా ప్రమాదమే.

ఇల్లంతా ఒకేసారి విప్పించకండి. ఒక వాలు పూర్తయ్యాకే రెండోది. ట్యూబులు, రేకులు, స్క్రూలు ఇంటికి చేరాకే విప్పడం మొదలుపెట్టాలి. డబ్బు కూడా అలాగే దఫాలుగా ఇవ్వండి. ఆఖరి పదో వంతు మొదటి గట్టి వాన చూశాకే ఇస్తామని ముందే చెప్పి ఉంచండి. మంచి మేస్త్రి దీనికి కోపం తెచ్చుకోడు. పాత కప్పుకీ, కొత్త కప్పుకీ ఫోటోలు తీసి, బిల్లులతో పాటు ఫోన్‌లోనూ, ఊళ్లో లేని బంధువుల దగ్గరా ఉంచండి. తుఫాను తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు అవి పనికొస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా సంస్థల దగ్గరా 'భారత్ గృహ రక్ష' పాలసీ ఉంది. తుఫాను నష్టం అందులో వస్తుంది. మీ కప్పు రకానికి వర్తిస్తుందో లేదో పాలసీ కట్టే ముందే అడగండి.

ఈ ఏడాది కప్పు మార్చే స్థోమత లేనివాళ్లు కనీసం సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం కేటాయించండి. చూరు వరస, కొప్పు వరస, నాలుగు మూలలు చూసి తుప్పు పట్టిన కొక్కేలు మార్పించండి. పెంకుటిల్లైతే కొప్పు, చూరు వరసల మీద సిమెంటు పూయించండి. కప్పుకి ఆనే కొబ్బరి మట్టలు, చెట్టుమీది ఎండు గెలలు దింపించండి. మా ఇంట్లో ఈ పనికి పోయినసారి ఒక మేస్త్రి, ఒక కూలీ, ఒక పూట పట్టింది. పద్నాలుగు బోల్టులు మార్చారు.