కిట్ లెన్స్ తర్వాత ఏది కొనాలి? నా ఓటు స్టాండర్డ్ ప్రైమ్‌కే

కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ తర్వాత రెండో లెన్స్ కొందామనుకోగానే అందరి చూపూ పెద్ద జూమ్ మీదకే పోతుంది. నన్నడిగితే ముందు ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంత్ ఉన్న లెన్స్) ఒకటి తీసుకోమంటా, ఎందుకంటే మన ఫోటోలు ఎక్కువగా పాడయ్యేది దూరం వల్ల కాదు, వెలుతురు చాలక.

లెక్క చూడండి. మామూలు 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ని 50 దాకా జూమ్ చేస్తే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్ 5.6 దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ 1.8 అంటే దానికి తొమ్మిది పది రెట్ల వెలుతురు. రాత్రి గదిలో ఒక్క లైటు కింద పిల్లాడు ఆడుకుంటున్నాడనుకోండి, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 1600 పెట్టినా కిట్ లెన్స్‌తో షట్టర్ 1/15 సెకను దగ్గరే ఉంటే వాడు చెయ్యి కదిపినప్పుడల్లా అది చెదిరిపోయి వస్తుంది. అదే ఐఎస్ఓలో ప్రైమ్‌తో 1/125 దాటొచ్చు, ఫ్లాష్ అవసరం లేదు. స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు కొందరు, అది మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పిల్లాణ్ణి ఆపలేదు కదా.

ఎన్ని ఎంఎం (ఫోకల్ లెంత్) కొనాలనేది సెన్సర్‌ని బట్టి. ఫుల్ ఫ్రేమ్‌కి (35 ఎంఎం ఫిల్మ్ సైజు సెన్సర్) 50 ఎంఎం. క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్నది) అయితే 35 తీసుకోండి, 1.5 క్రాప్‌లో అది ఫుల్ ఫ్రేమ్ మీద 52 లాగా కనిపిస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌కి (ఇంకా చిన్న సెన్సర్) 25. క్రాప్ బాడీకి 50 పెడితే 75, 80 లాగా అయిపోతుంది, పోర్ట్రెయిట్లకి బాగుంటుంది గానీ చిన్న గదిలో వీపు గోడకి ఆనుకుపోయినా నలుగురూ ఫ్రేమ్‌లో పట్టరు. ఇంకోటి, నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు, వాటికి పాత 50 ఎంఎం 1.8డీ కొంటే ఆటోఫోకస్ పనిచెయ్యదు. ఏఎఫ్-ఎస్ (లెన్స్‌లోనే మోటర్ ఉన్నది) అని రాసుందో లేదో చూసి తీసుకోండి.

లెన్స్ వచ్చాక అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకుంటుంది) పెట్టండి, ఆటో ఐఎస్ఓ ఆన్ చేసి మినిమమ్ షట్టర్ 1/125 ఇవ్వండి. ఇక అందరూ చేసే పని ఏంటంటే ప్రతిదీ ఎఫ్ 1.8 లోనే తీయడం, బ్లర్ బాగుంటుందని. ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎంతో మీటరు దూరంలో ఎఫ్ 1.8 పెడితే ఫోకస్‌లో ఉండేది నాలుగు సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూగా. మొహం కొంచెం పక్కకి తిరిగితే ఒక కన్ను షార్ప్‌గా ఇంకోటి మసకగా వస్తుంది. అందుకే దగ్గరి మొహాలకి ఎఫ్ 2.8 దాకా వెళ్ళండి, సింగిల్ పాయింట్ ఫోకస్ మనకి దగ్గరున్న కంటి మీద పెట్టండి, ఐ ఏఎఫ్ (కంటిని కెమెరానే వెతికి ఫోకస్ చేసేది) ఉంటే ఇంకా హాయి. ఇద్దరు ముగ్గురుంటే ఎఫ్ 4, గ్రూప్ అయితే 5.6. చాలా ప్రైమ్‌లు ఎఫ్ 4, 5.6 దగ్గరే బాగా షార్ప్‌గా ఉంటాయి కూడా.

జూమ్ లేదు కాబట్టి నడవాలి, అందరూ చెప్పేదే. చెప్పనిది ఏంటంటే నడిస్తే సైజు ఒక్కటే మారదు, పర్‌స్పెక్టివ్ (దగ్గరవీ దూరపువీ ఒకదానితో పోలిస్తే ఒకటి ఎంత పెద్దగా కనిపిస్తాయనేది) కూడా మారుతుంది. మనిషి వెనక కొండ అతనితో పోలిస్తే పెద్దగా కావాలంటే దగ్గరకి పోకండి, వెనక్కి రండి. మనిషి చిన్నగా అవుతాడు, కొండ దాదాపు అలాగే ఉంటుంది.

ఎండలో ఎఫ్ 1.8 కావాలంటే 1/4000 షట్టర్ కూడా చాలదు ఒక్కోసారి, అప్పుడు ఎలక్ట్రానిక్ షట్టర్ గానీ ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే ముదురు అద్దం) గానీ వాడండి. ఎండకి మెరిసే అంచుల చుట్టూ ఊదారంగు కనిపిస్తే అపర్చర్‌ని ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి, చాలావరకు తగ్గుతుంది.

మరి ఎఫ్ 1.4 కొనచ్చా అంటే, 1.8 కంటే వెలుతురు ఒక స్టాప్ కూడా ఎక్కువ రాదు, బరువూ రేటూ మాత్రం బాగా పెరుగుతాయి. మొదటి ప్రైమ్‌కి నేనైతే వద్దంటా.