ఎర్రనీటి రోజుల్లో బోటు: ఇంపెల్లర్, గ్లాండు, ఫ్యాను

ఇంజిన్ ఆయిలు ఎన్ని గంటలకు మార్చాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, అలాగే మార్చండి. గోదావరి పాయల్లో బోటును తినేసేది మాత్రం నీళ్లే. జులై నుంచి సెప్టెంబరు దాకా ఒండ్రు, సన్న ఇసుక. అంతర్వేది, భైరవపాలెం మొగల దగ్గర, అంటే పాయ సముద్రంలో కలిసే చోట, ఉప్పు. వరద రోజుల్లో నీళ్లు నడిచే దారులన్నీ మామూలుకన్నా రెట్టింపు సార్లు చూసుకోవాలి.

స్టార్ట్ చేయగానే పొగగొట్టం చూడండి. పొగతోపాటు నీళ్లు దండిగా పడాలి. ధార సన్నబడినా, ఆవిరే వస్తున్నా వెంటనే ఆపేయాలి. అడుగున నీళ్లు లోపలికొచ్చే వాల్వు తెరిచి ఉందో లేదో ముందు చూడండి. ఉంటే దాన్ని మూసి, చెత్త పట్టే జాలీ విప్పండి. గుర్రపుడెక్క వేర్లు, ప్లాస్టిక్ కవర్లే ఎక్కువగా దొరుకుతాయి.

జాలీ శుభ్రంగా ఉంటే తప్పు ఎక్కువగా పంపులో నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌దే. పంపు మూత స్క్రూలు తీసి ఒక్కో రబ్బరు రెక్కనూ బొటనవేలితో వంచండి. రెక్క మొదలు దగ్గర పగులు కనిపిస్తే మార్చేయాలి. రెక్క ఊడిపోయి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకండి, కూలర్ మూతి దగ్గర ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజిన్ కాగుతూనే ఉంటుంది. మూత లోపలి వైపు గోటితో గీసి చూడండి. ఇసుక కోసిన గాడి గోటికి తగిలితే మూత కూడా మార్చాల్సిందే. కొత్తది ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు రాయండి, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. నీళ్లు లేకుండా తిరిగితే నిమిషాల్లోనే కాలిపోతుంది.

ఫ్యానును (ప్రొపెల్లర్‌ను) తిప్పే షాఫ్టు బోటు దాటి బయటికెళ్లే చోట, నీళ్లు లోపలికి రాకుండా తాడులాంటి ప్యాకింగ్ బిగించి ఉంటుంది, అదే గ్లాండు. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ నిమిషానికి నాలుగైదు చుక్కలు పడాలి. ఒక్క చుక్కా పడకూడదని నట్లు బిగించేస్తారు, అదే పెద్ద తప్పు. ప్యాకింగ్‌ను చల్లబరిచేవి ఆ చుక్కలే. అవి ఆగితే తాడు మాడి షాఫ్టుకు గాడి పడుతుంది. అరగంట నడిపాక గ్లాండును చేత్తో తాకండి, గోరువెచ్చగా ఉంటే సరే. బిగించాల్సి వస్తే రెండు నట్లూ సమానంగా, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా తిప్పండి. కొత్త ప్యాకింగ్ వేసేటప్పుడు తాడును స్ప్రింగులా చుట్టేయకండి. రింగులుగా కోసి, అతుకులు ఒకే వరసలో పడకుండా వేయాలి.

వేటనిషేధం 61 రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బోటు గట్టెక్కినప్పుడే ఫ్యాను పని పెట్టుకోండి. గుల్లలు గీకి, షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ వల కోసేయండి. వదిలేస్తే అది షాఫ్టు బయటికొచ్చే చోట లోపలికి దూరుతుంది. ఫ్యాను పట్టుకుని పైకీ కిందకీ ఊపితే కటకట కొట్టిందంటే వెనక రబ్బరు బుష్ అరిగింది. ఉప్పూ తీపీ కలిసే పాయల్లో ఫ్యాను, షాఫ్టు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే బిళ్ల జింకుదికన్నా అల్యూమినియందే మేలు. తీపినీళ్లలో జింకు మీద పొర కట్టి పని మానేస్తుంది. బిళ్ల సగం కరిగితే మార్చండి, దాని మీద రంగు వేయకండి.

షాఫ్టును గేర్‌బాక్సుకు కలిపే కప్లింగు బిళ్లల వరస మాత్రం గట్టు మీద సరిచూసి వదిలేయకండి. నీళ్లలో దిగాక బోటు ఒంటి ఆకారం కాస్త మారుతుంది. ఒకరోజు తేలనిచ్చి, బోల్టులు వదులు చేసి, రెండు కప్లింగు బిళ్లల మధ్య సందు కొలిచే పల్చటి రేకులు (ఫీలర్ గేజి) పెట్టండి. చుట్టూ ఎక్కడా తేడా 0.1 మిల్లీమీటరు దాటకుండా సరిచేసి అప్పుడు బిగించాలి.