ఉత్తర ధ్రువం దగ్గరి విమాన దూరం: కాగితం మీద లెక్క

గోడ మీది ప్రపంచ పటంలో ధ్రువం దగ్గరి ప్రాంతాలను సాగదీసి గీస్తారు. దాన్ని చూసి నార్వేలోని ట్రోమ్సో నుంచి స్వాల్బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బైయెన్‌కు ఎంతసేపు పడుతుందో అంచనా వేస్తే తప్పక తప్పుతుంది. ఫోనులో ఇంటర్నెట్ లేకపోయినా ఇలా తేల్చుకోవచ్చు.

ఒక అక్షాంశ డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, కాబట్టి రెండు విమానాశ్రయాల అక్షాంశాల తేడాను 111తో గుణించండి. ట్రోమ్సో 69.7, లాంగియర్‌బైయెన్ 78.2 డిగ్రీలు. తేడా 8.5, అంటే దాదాపు 944 కిలోమీటర్లు. ఇక రేఖాంశాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. భూమధ్యరేఖ దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ 111 కిలోమీటర్లయితే, 60వ అక్షాంశం దగ్గర అందులో సగమే; 70 దగ్గర 38, 75 దగ్గర 29. మన రెండు ఊళ్ల నడిమి అక్షాంశం 74, కాబట్టి 31 వేసుకోండి. రేఖాంశ తేడా 3.4 డిగ్రీలు, అంటే 105 కిలోమీటర్లు. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 950 కిలోమీటర్లు. బడిలో నేర్చిన లంబకోణ త్రిభుజమే!

జెట్ విమానమైతే దూరాన్ని 800తో భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలపండి. గంటా నలభై నిమిషాలు వస్తుంది. చిన్న ప్రొపెల్లర్ విమానమైతే 500తో భాగించాలి.

రేఖాంశ తేడా 30 డిగ్రీలు దాటితే మాత్రం ఈ లెక్క నమ్మవద్దు. అక్కడ విమానం ధ్రువం వైపు వంగి దగ్గరి దారిన పోతుంది, మీకు వచ్చే దూరం అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది.