స్ప్లిట్ కీబోర్డును చేతికి సరిపెట్టుకోవడం ఎలా

నేను అనువాదకురాలిని. పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఇంగ్లిష్, మొత్తం మీద రోజుకు ఏడెనిమిది గంటల టైపింగ్. మూడేళ్ల కిందట కుడి మణికట్టు చిటికెనవేలి వైపు లాగడం మొదలైంది. కారణం కళ్లెదుటే ఉంది. మామూలు కీబోర్డు మీద రెండు చేతులూ మధ్యకు రావాలి, వచ్చాక కీల వరసకు తగ్గట్టు మణికట్లు బయటికి వంగాలి. పైగా షిఫ్ట్, కంట్రోల్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ అన్నీ చిటికెనవేళ్ల మీదే పడతాయి. చేతిలో బలమైన బొటనవేళ్లకు మాత్రం స్పేస్ తప్ప పనే లేదు.

అందుకే కార్న్ అనే 42 కీల స్ప్లిట్ కీబోర్డుకు, అంటే చేతికొకటి చొప్పున రెండు భాగాలుగా విడిగా ఉండేదానికి, మారాను. ఒక్కో భాగంలో మూడు వరసలు, వరసకు ఆరు కీలు, కింద బొటనవేలికి మూడు. మీది వేరే మోడల్ అయినా ఇక్కడ చెప్పేదంతా దాదాపు పనికొస్తుంది. ఒక్క మాట ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రిళ్లు నొప్పికి మెలకువ వస్తున్నా ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లండి, కీబోర్డు సంగతి తర్వాత.

మొదటి వారం సెట్టింగుల జోలికి పోకండి, ఎక్కడ పెట్టాలో చూసుకోండి. రెండు భాగాలనూ భుజాలంత ఎడంగా పెట్టి, చేతులు ఆనించి, పైనుంచి చూడండి. మోచేతి నుంచి మధ్యవేలి దాకా గీత గీస్తే మణికట్టు దగ్గర విరగకూడదు. విరిగితే ఆ భాగాన్ని కాస్త తిప్పండి. వెనక వైపు ఎత్తు పెట్టకండి, అలా పెడితే మణికట్టు పైకి మడుచుకుంటుంది. రెండు భాగాలకూ మధ్యవైపు ఉండే అంచులను మాత్రం కొద్దిగా లేపండి. దీన్నే టెంటింగ్ అంటారు. దీనికి స్టాండు కొనక్కర్లేదు, నేను రెండు నెలలు పాత నోటుపుస్తకాలే పెట్టి చూశాను. ఒక్కసారే ఎక్కువ లేపితే భుజాలు బిగుసుకుంటాయి కాబట్టి ఒక్కో పుస్తకం చొప్పున పెంచండి.

రెండు భాగాలను కలిపే వైరు హెడ్‌ఫోన్ పిన్ను లాంటి టీఆర్ఆర్ఎస్ రకమైతే, కీబోర్డుకు కరెంటు అందుతుండగా దాన్ని పీకకండి, గుచ్చకండి. పిన్ను జారేటప్పుడు లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ముందు యూఎస్‌బీ తీసేయాలి, ఆ తర్వాతే ఇది.

మొదట్లో వేగం బాగా పడిపోతుంది. నాకు అడ్డొచ్చింది బి అక్షరం. ఇన్నేళ్లూ దాన్ని కుడి చూపుడువేలితో కొడుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. స్ప్లిట్‌లో బి ఎడమ భాగంలో ఉంటుంది, కుడి వేలు వెళ్లి ఖాళీ టేబుల్‌ను తడుతుంది. గడువున్న పనులకు పాత కీబోర్డు వాడుతూ, రోజుకో గంట టెన్షన్ లేని పని దీని మీద చేశాను. మూడో వారానికి చెయ్యి దారిలో పడింది.

ఇక మార్పులు. నా కీబోర్డు వయల్ అనే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుంది, కీల పనులు మార్చుకోవడానికే అది. తెర మీద కీ ఎంచుకుని కొత్త పని అప్పగిస్తే ఆ మార్పు కీబోర్డులోనే నిల్వ అవుతుంది, వేరే కంప్యూటర్‌కు తగిలించినా అలాగే ఉంటుంది. ముందు బొటనవేళ్లతో మొదలుపెట్టండి. మూడు కీల్లో మధ్యది వేలు సహజంగా వాలే చోటు, రోజంతా వాడేవి అక్కడుండాలి. కుడి మధ్య కీ స్పేస్, ఎడమ మధ్య కీ షిఫ్ట్. దాన్ని ఒన్-షాట్ షిఫ్ట్‌గా పెట్టుకున్నాను. నొక్కి వదిలేస్తే తర్వాతి ఒక్క అక్షరానికి పనిచేస్తుంది, పట్టుకుని ఉండక్కర్లేదు. అరచేతి కిందికి వచ్చే లోపలి కీతో మాత్రం జాగ్రత్త. మొదట కంట్రోల్ అక్కడే పెట్టాను. కాపీ, పేస్ట్ చేసినప్పుడల్లా వేలు లోపలికి మడిచి మడిచి పది రోజుల్లో బొటనవేలి మొదలు నొప్పెట్టింది. ఇప్పుడు అక్కడ ఎప్పుడో తప్ప వాడని ఆల్ట్ ఉంది, కంట్రోల్ అరచేతికి దూరంగా ఉండే బయటి కీకి వెళ్లింది. కుడి వైపు బయటి కీ బ్యాక్‌స్పేస్, లోపలిది ఎంటర్.

అంకెలకు విడిగా కీలు లేవు, వాటికి లేయర్ ఉంది, అంటే అవే కీలకు ఇంకో విడత పనులు. స్పేస్‌ను తడితే స్పేస్, పట్టుకుంటే రెండో లేయర్. ఆ లేయర్లో ఎడమ చేతి వేళ్ల కింద అంకెలు కాలిక్యులేటర్ మీద ఉన్నట్టు మూడేసి వరసల్లో ఉంటాయి, కుడి చేతి కింద బాణం కీలుంటాయి. ఈ ఒక్క అదనపు లేయర్‌తో కనీసం నెల గడపండి. మొదటి రోజే నాలుగైదు లేయర్లు పెట్టుకుంటే ఏది ఎక్కడుందో వేళ్లకు ఎప్పటికీ అలవాటు కాదు.

ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైప్ చేసేవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోవాలి. కీబోర్డు అక్షరాలను పంపదు, ఫలానా కీ నొక్కారని మాత్రమే చెబుతుంది. దాన్ని తెలుగు క అనుకోవాలా, ఇంగ్లిష్ కె అనుకోవాలా అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో డ ఉండేది పి పక్కన చదరపు బ్రాకెట్ కీలో. ఒత్వం గుర్తు ఉండేది ట్యాబ్ పైన ఒకటి అంకె పక్కనున్న కీలో. 42 కీల కీబోర్డులో ఆ రెండూ లేవు! మొదటి రోజు ‘కొడుకు’ అని కొట్టబోతే నాకు వచ్చింది ‘కుకు’. బ్యాక్‌స్పేస్ బొటనవేలికి వెళ్లాక పి పక్కన చోటు ఖాళీ అయింది, అక్కడ బ్రాకెట్ పెట్టాను. డ తన పాత చోటికే వచ్చింది. ట్యాబ్ కింద కంట్రోల్ ఖాళీ చేసిన చోట ఒత్వం కీ, దాని కింద పాత షిఫ్ట్ చోట ఎస్కేప్. ఏ మార్పు చేసినా ముందు ‘కొడుకు’ అని కొట్టి చూస్తాను. అ, ఇ లాంటి అచ్చులకు, ఖ, ఘ, ణ, ళ లకు షిఫ్ట్ కావాలి కాబట్టి, షిఫ్ట్ బొటనవేలికి మారడం వల్ల ఇంగ్లిష్ కంటే తెలుగు టైపింగ్‌లోనే నాకు ఎక్కువ సుఖం దొరికింది.

కోల్‌మాక్ లాంటి వేరే ఇంగ్లిష్ అమరికను కీబోర్డులోనే పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అక్షరాలూ చెల్లాచెదురవుతాయి. తెలుగు కోసం క్వెర్టీ, అంటే మామూలు ఇంగ్లిష్ అమరిక ఉన్న లేయర్ ఒకటి విడిగా ఉంచుకుని, ఒక కీతో దానికి మారండి.

హోమ్ రో మాడ్స్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు. ఎ, ఎస్, డి, ఎఫ్ కీలను తడితే అక్షరాలు, పట్టుకుంటే విండోస్, ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్. ఇంగ్లిష్‌కు బాగానే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో డి కీ అంటే పొల్లు, తెలుగులో ఒత్తు ఉన్న ప్రతి మాటకీ అది కావాలి. ‘పుస్తకం’ కొట్టేటప్పుడు స తర్వాత డి, వెంటనే త కోసం ఎల్. డి మీద వేలు లేవడం కాస్త ఆలస్యమైతే అది కంట్రోల్-ఎల్ అయిపోయి, బ్రౌజర్లో కర్సర్ అడ్రస్ బార్‌లోకి వెళ్లిపోతుంది, మిగతా మాట అక్కడ పడుతుంది. తట్టినదా, పట్టుకున్నదా అని తేల్చే గడువు క్యూఎంకేలో, అంటే వయల్‌కు ఆధారమైన, కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రాములో, మామూలుగా 200 మిల్లీసెకన్లు. దాన్ని 250కి పెంచి చూశాను. తప్పులు తగ్గాయి గానీ పోలేదు. తెలుగు ఎక్కువగా కొట్టేవాళ్లు కంట్రోల్‌ను బొటనవేలికే వదలడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

కీల కింద ఉండే స్విచ్‌ల గురించి రెండే మాటలు. చెర్రీ ఎంఎక్స్ రకంలో కీ మామూలుగా మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, దాదాపు 2 దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగుదాకా కొట్టే అలవాటు మానితే వేళ్ల అలసట సగం తగ్గినట్టే ఉంటుంది. హాట్‌స్వాప్ బోర్డయితే, అంటే టంకం లేకుండా స్విచ్‌లు పీకి మార్చుకోగలిగేదైతే, చిటికెనవేలి కీలకు మాత్రం తేలిక స్విచ్‌లు వేయొచ్చు. గుచ్చే ముందు రెండు పిన్నులూ తిన్నగా ఉన్నాయో లేదో చూడండి, వంగిన పిన్నును నొక్కితే లోపల మడుచుకుపోతుంది.

మార్చేటప్పుడు వారానికి ఒక్కటే మార్చి, మార్చే ముందు వయల్‌లో అమరికను తేదీ పేరుతో ఫైలుగా దాచుకోండి. ఏ మార్పు వల్ల నొప్పి తగ్గిందో, ఏది మొదలుపెట్టిందో అప్పుడే తెలుస్తుంది. నా దగ్గర అలాంటివి పదిహేడు ఫైళ్లున్నాయి. పద్నాలుగో దానిలో ఎంటర్‌ను, బ్యాక్‌స్పేస్‌ను అటూ ఇటూ మార్చాను. రెండో రోజే పదమూడుకు తిరిగి వెళ్లాను.