విశాఖకు జంటగా వస్తున్నారా? కెరటానికి వీపు పెట్టకండి

పోయిన ఆదివారం సాయంత్రం మళ్లీ అదే చూశాను. లాసన్స్ బే వైపు, పెదజాలరిపేట పడవలు ఆగే చోటుకు కొంచెం ఇవతల, ఒకబ్బాయి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ అడ్డంగా పట్టుకున్నాడు. అమ్మాయి నీళ్ల అంచున సముద్రానికి వీపు పెట్టి, చున్నీ గాలికి ఎగిరేలా రెండు చేతులూ చాచి నిలబడింది. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. "ఇంకొంచెం వెనక్కి" అన్నాడు. రెండడుగులు వేసింది. "ఇంకొక్క అడుగు" అన్నాడు. ఆ అడుగు పడేలోపే కెరటం ఆమె మోకాళ్ల వెనక తగిలింది. బోర్లా పడింది. వచ్చిన నీళ్లు తిరిగి పోతూ పోతూ ఆమెను తీసుకుపోయాయి. అతను లేచి నిలబడ్డాడు గానీ చేతిలో ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

పక్కనే వల సర్దుకుంటున్న ఇద్దరు జాలరి కుర్రాళ్లు పరుగున వెళ్లి, ఒకడు చున్నీ, ఒకడు జుట్టు దొరకబుచ్చుకుని లాగారు కాబట్టి ఆమె ఈరోజు బతికి ఉంది. వాళ్లతో ఉన్న పెద్దాయన ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక్కటే మాటన్నాడు. "ఏటమ్మా, కెరటానికి వీపెట్టి నిలబడతారా? అది సూసుకుని వస్తాదేటి?"

దసరా, దీపావళి సెలవులు దగ్గరకొచ్చాయి. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, ఒడిశా వైపు నుంచి జంటలు శుక్రవారం రాత్రి రైలెక్కి వచ్చి, సోమవారం పొద్దున్నకి ఆఫీసులో ఉండేలా తిరిగి వెళ్తారు. ఆ రెండు రోజుల్లోనే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం, అరకు, చేపల వేపుడు అన్నీ అయిపోవాలి. ఆ హడావిడిలోనే ప్రాణాలు పోతున్నాయి. నేను పెదవాల్తేరులో ఉంటాను. ఇరవై ఏళ్లుగా రోజూ ఈ ఒడ్డున నడుస్తున్నాను. చెప్పులు, హ్యాండ్‌బ్యాగ్ ఇసుకలో మిగిలిపోయి, ఇద్దరిలో ఒకరే వాటి దగ్గర కూలబడి ఉన్న సాయంత్రాలు చూశాను. అందుకే రాస్తున్నాను. నీళ్ల సీసా, పవర్ బ్యాంక్, గొడుగు లాంటివి మీకు తెలుసు. అవి వదిలేస్తున్నాను.

సముద్రం దగ్గర

పదిమంది గుంపుగా వస్తే ఎవరో ఒకరి చూపు సముద్రం మీద ఉంటుంది. ఇద్దరే వచ్చినప్పుడు అలా కాదు. ఒకరు వీపు పెట్టి నవ్వుతుంటారు, రెండోవారు స్క్రీన్‌లోకి చూస్తుంటారు. అంటే సముద్రాన్ని ఎవరూ చూడటం లేదు. జంటలకు జరిగే ప్రమాదాల్లో నేను చూసినవన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

"మోకాళ్ల లోతే కదా" అంటారు. ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్నుకు పైనే బరువు. అది మోకాలి వెనక తగిలితే ఎంత బలమైన మనిషైనా నిలబడలేడు. పైగా కెరటాలన్నీ ఒకేలా రావు. చిన్నవి వరుసగా వచ్చి, ఉన్నట్టుండి రెండు మూడు పెద్దవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పది నిమిషాలుగా కాళ్లు తడుపుతున్న నీళ్లను చూసి మీరు ధైర్యం తెచ్చుకుంటారు. పదకొండో నిమిషంలో వచ్చేది వేరు. మన ఒడ్డు చాలాచోట్ల ఏటవాలు. నాలుగడుగులు లోపలికి వేస్తే ఉన్నట్టుండి లోతు తగులుతుంది. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు మడమల కింద ఇసుక జారిపోవడం మీకూ తెలిసే ఉంటుంది. సరదాగా ఉంటుంది, గిలిగింత పెడుతుంది. అది సముద్రం మీ కాళ్ల కింద నేల తీసేయడం. అది తెలిసిన క్షణమే రెండడుగులు పైకి రండి.

రెండోది రిప్ కరెంట్. కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య సందు దొరికితే అక్కడినుంచి ఏరులా లోపలికి పోతాయి. ఆ చోట కెరటాలు అంతగా విరగవు. చుట్టూ నురగ ఉంటే, మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్లు "ఇక్కడ కెరటాలు లేవు, ఇక్కడ దిగుదాం" అని సరిగ్గా అందులోకే దిగుతారు. ఇలాంటి ప్రవాహాల వేగం సెకనుకు 8 అడుగుల దాకా కొలిచారు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఈదకండి. అలసిపోయి మునిగేది అక్కడే. వెల్లకిలా తేలండి, ఊపిరి కాపాడుకోండి, చెయ్యెత్తి అరవండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరుగుతున్న చోటికి చేరి, అప్పుడు ఒడ్డుకు రండి. ఆ పాయ వెడల్పు సాధారణంగా తక్కువే.

మీ మనిషి కొట్టుకుపోతుంటే మీరు దూకకండి. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. కళ్ల ముందు భార్యో భర్తో పోతుంటే ఆగమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఈత రాని మనిషి దూకితే రెండు శవాలు వస్తాయి. గట్టిగా అరవండి, లైఫ్‌గార్డును, జాలర్లను పిలవండి. ఖాళీ డ్రమ్ము, తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, తేలేది ఏదైనా విసరండి. చూపు మాత్రం ఆ మనిషి మీదనుంచి తిప్పకండి. రక్షించడానికి వచ్చినవాళ్లకు "అదిగో అక్కడ" అని చూపించగలిగేది మీరొక్కరే.

బయటికి తీశాక తలకిందులుగా ఎత్తడం, పొట్ట మీద నొక్కడం, గిరగిరా తిప్పడం చేయనివ్వకండి. అవి టైమ్ వృథా చేస్తాయి, పొట్టలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయేలా చేస్తాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి. 30 సార్లు నొక్కి 2 సార్లు శ్వాస. 108 వచ్చేదాకా ఆపొద్దు. బీచ్ రోడ్డుకు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దగ్గరే. నీళ్లు మింగి దగ్గుతున్న మనిషి "బాగానే ఉన్నాను" అన్నా హోటల్ గదికి తీసుకెళ్లకండి. ముందు ఆస్పత్రి.

ఏ బీచ్ ఎలాంటిదో కూడా చెప్పాలి. రుషికొండ చక్కగా, శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే అక్కడ భయం పోతుంది, జాగ్రత్త. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వెళ్లే యారాడ చాలా అందమైన చోటు, కానీ ఊరికి దూరం, సాయం అందేసరికి ఆలస్యం అవుతుంది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక ఈరోజు ఉన్నట్టు రేపు ఉండదు. తొట్లకొండ కింద మంగమారిపేట రాళ్ల మీద, తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద పాచి ఉంటుంది. మంగమారిపేటలోని రాతి తోరణం దగ్గర ఫొటో కోసం చెప్పులు విప్పి ఎక్కేవాళ్లను అటు వెళ్లినప్పుడల్లా చూస్తాను. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఆరుగురు ఇంజినీరింగ్ విద్యార్థులు పోయారు. పరీక్షలు రాసి సరదాగా వచ్చిన పిల్లలు.

అక్టోబరు సంగతి వేరేగా చెప్పాలి. ఇది తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో ఇక్కడివాళ్లు మర్చిపోరు. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం ఉంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా కెరటాలు పెద్దవే వస్తాయి. ఆకాశం చూసి సముద్రాన్ని అంచనా వేయకండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన కెరటాల హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు ఒకసారి చూడండి. ఇంకొకటి, అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. దీపావళి అంటేనే అమావాస్య.

తిండి దగ్గర

విశాఖ వచ్చి చేపలు తినకుండా పోవద్దు. వంజరం ముక్కల వేపుడు, పీతల ఇగురు, రొయ్యలు, సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్, ఇంటికి తీసుకెళ్లడానికి మాడుగుల హల్వా, అన్నీ తినండి. రెండు విషయాలు మాత్రం వినండి.

కొత్తగా పెళ్లయిన జంటల్లో ఒకరికి రొయ్యలో పీతలో పడవు. మొహమాటంతో చెప్పరు. "మా ఆయన అంత ఇష్టంగా ఆర్డర్ చేశారు కదా" అని తినేస్తారు. ముందే అడగండి, ముందే చెప్పండి. పెదాలు వాచినా, గొంతు బిగిసినా, ఆయాసం వచ్చినా మజ్జిగ, నిమ్మరసం అంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

రెండోది టైమింగ్. అరకు వెళ్లే ముందు రోజు రాత్రి పీతలు, రొయ్యలు పొట్ట పగిలేలా తినకండి. పొద్దున్నే ఘాట్ రోడ్డు మలుపులు, దారిలో బాత్‌రూమ్ కష్టం. సముద్రపు తిండి మొదటి రోజు మధ్యాహ్నం పెట్టుకోండి. చేప మీ ఎదురుగా చూపించమనండి. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బి మెరుస్తూ ఉండాలి. కళ్లు లోపలికి పోయి పొగచూరినట్టుంటే వద్దనండి. వద్దనడానికి సిగ్గుపడకండి.

అరకు దారిలో

బొంగులో చికెన్ నూనె లేకుండా నిప్పుల మీద నిదానంగా ఉడకాలి. సెలవు రోజుల్లో బండి దగ్గర ముప్పై మంది నిలబడతారు కాబట్టి తొందరగా తీసేస్తారు. ముక్క విరిచి ఎముక దగ్గర చూడండి. గులాబీ రంగు, రక్తం కనిపిస్తే తిరిగి నిప్పుల మీద పెట్టమనండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.

కిరండూల్ రైల్లో వెళ్తే సొరంగాలు వస్తాయి. ఆ లైన్‌లో మొత్తం 58. సొరంగం రాగానే తలుపు దగ్గర వేలాడుతూ వీడియో తీయడం ఇప్పుడు అలవాటైపోయింది. రాతి గోడ ఎంత దగ్గరగా ఉంటుందో చీకట్లో తెలియదు. అక్కడా అదే కథ, ఒకరు వేలాడతారు, ఒకరు స్క్రీన్‌లో చూస్తారు.

రోడ్డు మీద అయితే చీకటి పడ్డాక ఘాట్ దిగొద్దు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. అప్పుడు కూడా తిరుగు ప్రయాణమే, చీకటి వేళే. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టవు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బైకు అద్దెకు తీసుకుంటే బ్రేకులు, టైర్లు చూసుకోండి, రెండో హెల్మెట్ ఇవ్వకపోతే ఆ బండి వదిలేయండి.

ఇక ఒక వరుస లేకుండా, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను:

– హోటల్ ఫోన్ నంబరు గూగుల్‌లో వెతికి కనిపించిన మొదటి నంబరుకు డబ్బు పంపకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.
– ఇద్దరి ఆధార్‌లూ ఒకే బ్యాగులో పెట్టకండి.
– సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం ఉండదు. సోమవారం దాకా ఉండేవాళ్లు ఆఖరి రోజుకు దాన్ని మిగల్చకండి. లోపల ఇరుకు, ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు ముందే ఆలోచించుకోండి.
– బొర్రా గుహల్లో మెట్లు తడి. హీల్స్ వద్దు. బయట కోతుల ముందు తిండి పొట్లం తీయకండి.
– చాపరాయి వాగులో, కటికి జలపాతం దగ్గర రాళ్ల మీద పరుగెత్తకండి.
– మందు తాగి నీళ్లలో దిగకండి. కాళ్లు కూడా తడపొద్దు.
– చీరతో, జీన్స్‌తో నీళ్లలోకి వెళ్లకండి. తడిస్తే అవే కాళ్లు చేతులు కదలనివ్వవు.
– సూర్యాస్తమయం తర్వాత నీళ్లలో ఎవరూ ఉండకూడదు. రక్షించేవాడికి మీరు కనపడరు.
– "మా ఆయనకు ఈత వచ్చు" అనకండి. చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిన ఈత ఇక్కడ పనికిరాదు.
– స్థానికులు దిగని చోట దిగకండి. జాలరి వద్దంటే వద్దు. వాదించకండి.
– "ఒక్క ఫొటో అన్నా, అంతే" అని లైఫ్‌గార్డును బతిమాలకండి.
– ఫొటో కావాలంటే తడి ఇసుక దాటి పొడి ఇసుకలోకి రండి. సముద్రం ఫ్రేములోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. పక్కకి తిరిగి నిలబడండి. తీసేవాళ్లు ప్రతి ఫొటోకి ముందు తలెత్తి సముద్రాన్ని చూడండి, ఆ తర్వాతే స్క్రీన్.
– "ఇంకొంచెం వెనక్కి" అని ఎప్పుడూ అనకండి. అవతలివాళ్లు అన్నా వెళ్లకండి.
– ఇద్దరూ ఒకేసారి ఫోన్ చూడకండి.
– కెరటానికి వీపు పెట్టకండి. పాదాల లోతైనా సరే, ఒక్క నిమిషమైనా సరే.
– లైఫ్‌గార్డు ఈల వినబడిందా, ముందు బయటికి రండి. ఎందుకని తర్వాత అడగండి.