మెయిల్ పెట్టాం, అయినా "ఏ మెయిల్?" అంటున్నారు

సమస్య: జీతం పడాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వమని ఆఫీసులో అందరికీ మెయిల్ పెట్టారు. గడువు దాటింది. సగం మందే ఇచ్చారు. మిగతావాళ్లను అడిగితే అసలు చూడలేదంటున్నారు.

ముందు సెంట్ ఫోల్డర్ తెరవండి. నవ్వకండి, డ్రాఫ్ట్స్‌లోనే ఉండిపోయిన మెయిళ్లు చాలా చూశాను. వెళ్లి ఉంటే ఎవరెవరికి వెళ్లింది, అటాచ్‌మెంట్ ఉందా అన్నది చూడండి. ఇంతమాత్రం చూడకుండానే సర్వర్ ప్రాబ్లం అంటూ వచ్చేస్తారు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే సబ్జెక్ట్ చదవండి. "రీ: ఉగాది లంచ్" అని ఉందా? దొరికింది.

అడ్రసులన్నీ రెడీగా ఉన్నాయని ఏదో పాత మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టి, అందులో కొత్త విషయం రాస్తారు. అది పాత థ్రెడ్‌లోకే, అంటే ఆ పాత మెయిలూ దాని జవాబులూ ఉన్న వరుసలోకే పోతుంది. లంచ్ గోల భరించలేక ఆ థ్రెడ్‌ను జీమెయిల్‌లో మ్యూట్ చేసుకున్నవాళ్లకు మీ మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి రాకపోవచ్చు. మిగతావాళ్లు సబ్జెక్ట్ చూసి, తెరవకుండానే పక్కకు తోసేస్తారు. లంచ్ తర్వాత చేరినవాళ్లు ఆ లిస్టులోనే ఉండరు. మెయిల్ చేరలేదంటూ తిరిగొచ్చే బౌన్స్ రాదు, తెరిచిన కొందరు జవాబు కూడా ఇస్తారు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు. అందుకే ఇది తొందరగా దొరకదు.

పరిష్కారం: కంపోజ్ నొక్కి కొత్త మెయిల్ రాయండి. రిప్లైలోనే సబ్జెక్ట్ మార్చినా జీమెయిల్ కొత్త థ్రెడ్ మొదలుపెడుతుంది గానీ, పాత లిస్టు, కింద పాత సంభాషణ వెంటే వస్తాయి. సబ్జెక్ట్‌లో పని, గడువు రెండూ ఉండాలి: "నవంబర్ 14లోగా: జీతం ఖాతా వివరాలు పంపండి". మొదటి వాక్యం: "కింది ఫారం నింపి నాకు పంపండి. 14 దాటితే ఈ నెల జీతం పాత ఖాతాకే వెళ్తుంది." ఎందుకు మారుస్తున్నారో ఆ తర్వాత రాయండి. "ముఖ్య గమనిక" అన్న సబ్జెక్ట్ మాత్రం వద్దు, దాన్ని చూసి చూసి అందరి కళ్లూ అలవాటు పడిపోయాయి. "జెంటిల్ రిమైండర్" కూడా పాత థ్రెడ్‌లోనే పెడితే ఫలితం మారదు.

ఇక స్పామ్. ఒకే ఆఫీసు మెయిళ్ల మధ్య అరుదు, ఒకరిద్దరిని చూడమంటే తేలిపోతుంది. ఫైలు 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని గూగుల్ డ్రైవ్ లింకుగా మారుస్తుంది, ఆ లింకు అందరికీ తెరుచుకుంటుందో లేదో చూసుకుంటే చాలు.